బావి వైపు నుంచి తొమ్మిది

ఆ ఇంటికి ఉన్నది ఒకటే కిటికీ, అదీ సమాధుల వైపు. వీధి వైపు గోడకి చీమ దూరే సందు కూడా లేదు. కట్టించిన మహానుభావుడెవరో గానీ గడుసువాడే. కాపలా ఉండేవాళ్ళు పొద్దస్తమానం వీధిలోకి తొంగిచూస్తూ కూర్చుంటే లోపలి పని ఎవరు చూస్తారని ఆలోచించి ఉంటాడు. ప్రహరీగోడలో సగం ఇరుక్కున్న ఆ రెండు గదుల్లోకి వరసలమ్మ పందొమ్మిదో ఏట కోడలిగా వచ్చింది. ఇప్పుడు ఆమెకి అరవై ఒకటి. ఈ నలభై రెండేళ్ళలో గేటులోంచి కనిపించే జానెడు రోడ్డు తప్ప, గోడవతల వీధిలో ఏం జరిగినా చెవులతో వినాల్సిందే గానీ కళ్ళతో చూసింది లేదు. ఒకసారి ఎవరో ఆడమనిషి ఎవరినో పట్టుకుని, "నీకసలు సిగ్గుందా?" అని గట్టిగా అడిగింది. జవాబు వచ్చేలోపు లారీ అడ్డం వచ్చింది. సిగ్గుందో లేదో వరసలమ్మకి ఇవాళ్టికీ తెలియదు. ఆ బెంగ ఆమెకి ఇప్పటికీ ఉంది.

పొద్దున ఆరింటికి గేటు తాళం తీయాలి. సాయంత్రం ఆరింటికి వేయాలి. మధ్యలో గేటు వదిలి కదలకూడదు. సామాన్లు కావాలంటే చీటీ రాసి కొట్టువాడికి పంపాలి. తాళంచెవి మాత్రం ఎప్పుడూ ఆమె దగ్గరే. జైల్లో ఉన్నవాడికి ఆ భాగ్యం కూడా ఉండదని ఆమె మొగుడు బతికున్నన్నాళ్ళూ వేళాకోళం చేసేవాడు.

ఊరంతా ఆ శ్మశానాన్ని పాత తోట అంటారు. నూట యాభై ఏళ్ళ నాటిది. గేటు దగ్గర పాలరాతి వాళ్ళు, కాస్త వెనక్కి పోతే నాపరాతి వాళ్ళు, ఇంకా వెనక్కి పోతే ఉత్త మట్టి కింద ఉన్నవాళ్ళు. బతికుండగా ఏ బల్ల మీద కూర్చునేవాళ్ళో చచ్చాక కూడా అలాగే సర్దుకున్నారు. మట్టి వాళ్ళకి రాళ్ళు ఉండవు. ఒక్కొక్కళ్ళ తల దగ్గరా అంకె వేసిన ఇనప బిళ్ళ మాత్రం పాతేవారు. ఆ బిళ్ళల్ని ఎన్నడో పాతసామాన్ల వాడు గోడ దూకి పీక్కుపోయాడు. మిగిలింది ఆఫీసు రిజిస్టరు. ఒక వానాకాలం కప్పు కారి అది తడిసి, ఆరి, ఇటుకలా బిగుసుకుపోయింది. విప్పబోతే ఎండుటాకులా విరిగింది. ఆ తర్వాత రిజిస్టరంటే వరసలమ్మ బుర్రే.

ఆమెకి ఆ పేరు వచ్చింది అందుకే. కొత్తకోడలిగా వచ్చిన వారానికే అత్తగారు చేయి పట్టుకుని వరస వరసకీ తిప్పి, ఎక్కాలు అప్పజెప్పించినట్టు అప్పజెప్పించింది. "మూడో వరస, బావి వైపు నుంచి పన్నెండు?" అని అత్తగారు అడిగితే, "వంతెన కడుతుంటే పడిపోయిన మేస్త్రీ" అని కోడలు చెప్పాలి. "పద్నాలుగు?" "ఊళ్ళో సగంమందిని పుట్టించిన మంత్రసాని." "అయిదో వరసలో పక్కపక్కనే ఉన్న ఇద్దరు?" "గోడ గురించి కొట్లాడుకున్న అన్నదమ్ములు. ఇప్పుడు మధ్యన గోడ లేదు." తప్పితే మళ్ళీ మొదటినుంచి.

అన్నిటికంటే ముఖ్యంగా అత్తగారు చెప్పింది ఒకటుంది. "ఎప్పుడూ బావి వైపు నుంచే లెక్కపెట్టు. గేటు వైపు నుంచి పెట్టావో, కొంప మునుగుతుంది." ఎందుకంటే ఈ తోటకి మొదట గేటు బావి వైపే ఉండేది. మొదటి గోతులు అక్కడే తవ్వారు, అంకెలూ అక్కడినుంచే మొదలు. తర్వాత కొత్త రోడ్డు ఇటు పడితే గేటు ఇటు మార్చారు. గేటు కదిలింది గానీ, పడుకున్నవాళ్ళు లేచి అంకెలు మార్చుకోరు కదా.

ఇంత తెలిసిన మనిషిని ఆఫీసు వదులుతుందా? మొగుడు పోయాక ఉద్యోగం, దాంతోపాటు ఇల్లు ఆమెకే వచ్చాయి. యాభై ఎనిమిదికే పంపేయాల్సింది, మూడేళ్ళుగా పొడిగిస్తున్నారు. వెళ్ళిపోతానని అర్జీ పెట్టినప్పుడల్లా గుమాస్తా తల గోక్కుంటాడు. "నువ్వెళితే ఎవరెక్కడున్నారో ఎవరు చెప్తారమ్మా? వాళ్ళనే అడగమంటావా?"

ఆమెకి వెళ్ళడానికి చోటు లేకపోలేదు. పక్క పట్నంలో చెల్లెలుంది. మూడో అంతస్తులో గది, గదికి రెండు కిటికీలు, రెండిటి కిందా బస్టాండు. "అక్కా, పొద్దున లేచేసరికి కొట్లాట, మధ్యాహ్నం కొట్లాట. నీకు ఒక్క క్షణం తోచదని ఉండదు" అని ఫోన్లో ఊరిస్తుంది. వరసలమ్మ ఆ గది గురించి తలుచుకుంటూ నిద్రపోతుంది. కుర్చీ ఏ కిటికీ దగ్గర వేసుకోవాలో ఎప్పుడో నిర్ణయించేసుకుంది. ఎడమవైపుది. టికెట్లిచ్చే కిటికీ అక్కడినుంచి బాగా కనిపిస్తుందట.

చివరికి ఆఫీసువాళ్ళకే బుద్ధి పుట్టింది. ఊరి చరిత్ర రాస్తున్న ఒక టీచరమ్మని పంపారు. వరసలమ్మ తన బుర్రలో ఉన్నది చెప్పి కొత్త పుస్తకంలో రాయించేస్తే, ఆ మర్నాడే ఆమెకి విడుదల. సన్నగా, కళ్ళద్దాలతో, ఎండకి టోపీ పెట్టుకుని వచ్చిన టీచరమ్మ రోజుకొక వరస రాసుకోవడం మొదలుపెట్టింది. అంతా సుఖంగానే ఉండాలి. కానీ ఏడో వరస దగ్గర వరసలమ్మ గుండెలో ముల్లుంది. అది ఇరవై ఏడేళ్ళ నాటి ముల్లు.

ఆ ఏడు ఊళ్ళో విషజ్వరాలు. ఆస్పత్రిలో పోయినవాళ్ళని ఆస్పత్రి వాళ్ళే తెచ్చి ఏడో వరసలో పెట్టేవారు. మూడు నెలల తర్వాత గేటు దగ్గరికి ఒక ఆడమనిషి వచ్చింది. జ్వరానికి జుట్టంతా రాలి, గోడ పట్టుకుని నడుస్తోంది. బట్టలు కుట్టే మనిషి. తనూ, ఆరేళ్ళ కూతురూ ఒకే రోజు ఆస్పత్రిలో చేరారు. తను కళ్ళు తెరిచేసరికి పిల్లని తెచ్చి ఇక్కడ పెట్టేశారు. "ఎక్కడ?" అని అడిగింది, అంతే.

అప్పుడు మొగుడికీ జ్వరం. లోపల మూలుగుతున్నాడు. పొయ్యి మీద గంజి పొంగుతోంది. వరసలమ్మ రిజిస్టరు చూసింది. ఏడో వరస, తొమ్మిది. గబగబా వచ్చి, ఆ తల్లి ముఖం చూడలేక తల దించుకుని, గేటు వైపు నుంచి తొమ్మిది లెక్కపెట్టి చూపించింది. ఆమె అక్కడ కూలబడి నేలకి ముఖం ఆనించింది. వరసలమ్మ గంజి దించడానికి పరుగెత్తింది.

మొగుడు లేచి తోటంతా తిరిగేసరికి ఏడాది దాటింది. ఏడో వరసలో ఆగి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "బాకా ఆయన మీద చిన్నపిల్ల రాయి ఎవరు పెట్టారే?"

ఏడో వరసలో ముప్ఫై ఒకరు. గేటు వైపు నుంచి తొమ్మిదంటే బావి వైపు నుంచి ఇరవై మూడు. అక్కడున్నది ఊళ్ళోకి బ్యాండుతో వచ్చి సత్రంలో పోయిన బాకా ఊదే ఆయన. నా అన్నవాళ్ళు లేరు. అప్పటికే కుట్టు మనిషి రేయింబవళ్ళు కుట్టి, తెల్లరాయి చెక్కించి, కూతురి పేరు కింద చిన్న పిచ్చుక బొమ్మ కూడా పెట్టించింది.

"చెప్పేద్దాం" అంది వరసలమ్మ.

"నోరు మూసుకో. చెబితే ఉద్యోగం పోతుంది, దాంతో ఇల్లు పోతుంది. ఆవిడకి పిల్ల రెండోసారి పోతుంది. ఇంత మంచి పని చేస్తావా?" అన్నాడు మొగుడు.

మూసుకుంది. ఆ మూసుకున్న నోరే రెండో ప్రహరీగోడ అయింది.

కథ అక్కడితో ఆగినా బాగుండేది. కుట్టు మనిషి ప్రతి గురువారం మధ్యాహ్నం కొట్టు మూసి వచ్చేది. రాయి పక్కన కూర్చుని, చేతికుట్టు పని చేసుకుంటూ, వారం కబుర్లన్నీ కూతురికి చెప్పేది. తర్వాత కాపలా ఇంటికొచ్చి టీ తాగేది. ఏడాదికి ఇద్దరూ వదినా వదినా అని పిలుచుకోవడం మొదలైంది. వీధి వైపు కిటికీ లేని ఇంటికి ఈ వదినే కిటికీ. ఎవరు నడుం పెరిగి జాకెట్టు కుట్లు విప్పించుకున్నారో, ఎవరి పెళ్ళిబట్టలు కొలతలిచ్చాక ఆగిపోయాయో, ఏ అత్త ఏ కోడలి గుడ్డ మిగుల్చుకుని సంచి కుట్టించుకుందో, అన్నీ ఈమెకి చేరేవి. ఆమె వెళ్ళిపోయాక వరసలమ్మ రాయి మీది పూలలోంచి ఒక్కటి తీసి, బావి వైపు నుంచి తొమ్మిదో చోట పెట్టి, అక్కడి గడ్డి కత్తెరతో కత్తిరించేది. ఎవరూ చూడలేదు. బాకా ఆయన చూసినా చెప్పేవాడు కాదు.

టీచరమ్మ ఆరో వరస ముగించిన రోజు కూడా గురువారమే. కుట్టు వదిన టీ గ్లాసు పక్కన పెట్టి, సంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసింది. ఈమధ్య బాగా చిక్కింది. బుగ్గల కింద ఎముకలు పొడుచుకొచ్చాయి.

"ఇదిగో చూడు వదినా, ఆఫీసువాళ్ళిచ్చిన చీటీ. మళ్ళీ తవ్వి పెట్టుకోవచ్చట."

"ఏం తవ్వి? ఎవర్ని పెట్టి?"

"నన్నే, ఇంకెవర్ని! బిడ్డ గోతిలోనే పైన తల్లిని పెట్టొచ్చట, ఇన్నేళ్ళు దాటితే. డాక్టరు లెక్కలు వేస్తున్నాడులే. వాడి లెక్కలకి ముందే నా లెక్క నేను చూసుకోవద్దూ?" అని నవ్వి, సంచిలోంచి కుట్టుపని తీసుకుంది. "ఏడు, తొమ్మిది. చక్కగా రాశారు చూడు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని పడుకోవడం ఆ జ్వరంలో కుదర్లేదు. ఇప్పుడైనా కుదరాలి."

వరసలమ్మ చీటీ చేతిలోకి తీసుకుంది. మూడో తరగతి చదువుకి ఆ ముక్క చదవడం కష్టం కాదు. అయినా చాలాసేపు చదివింది. ఈ నెలాఖరుకి తను వెళ్ళిపోతే, కొత్తగా వచ్చేవాడు తెల్లరాయి చూసి తవ్వుతాడు. ఈ వదినని తీసుకెళ్ళి ముక్కూ మొహం తెలియని బాకా ఆయన మీద పెడతాడు. టీచరమ్మ పుస్తకంలోనూ అదే రాయిస్తే, ఇక దాన్ని మార్చే నాథుడుండడు. వెళ్ళకుండా ఉండిపోతే, ఆ రోజున తనే నిలబడి, గుట్టుచప్పుడు కాకుండా సరైన చోట తవ్వించొచ్చు. అంటే ఆ రోజు వచ్చేదాకా ఈ ఇంట్లోనే, ఈ నోరు మూసుకునే. ఎటు చూసినా గోడే.

"ఏమిటి వదినా, దయ్యం పట్టినట్టు చూస్తావు? ఇక్కడ నలభై ఏళ్ళనుంచీ పట్టనిది ఇవాళ పట్టిందా?"

"నీ పిల్ల అక్కడ లేదు వదినా."

చెప్పేశాక ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఇరవై ఏడేళ్ళు మోసినది ఇంత చిన్న మాటా!

"ఎక్కడ లేదు?"

"ఆ రాయి కింద. నేనే తప్పు లెక్కపెట్టాను. బావి వైపు నుంచి పెట్టాలి, గేటు వైపు నుంచి పెట్టాను. పొయ్యి మీద గంజి పొంగుతోంది..." అని ఆగిపోయింది. గంజి సంగతి ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియలేదు.

కుట్టు వదిన వేళ్ళ మధ్య సూది, సూదికి దారం, దారం చివర ఎవరిదో చిన్న చొక్కా.

"మరి ఇన్నేళ్ళూ నేను ఎవరికి చెప్పుకున్నాను?"

"బాకా ఊదే ఆయనకి. బ్యాండులో."

"దానికి పన్నెండో ఏడు వచ్చినప్పుడు చెప్పాల్సిన మాటలు కూడా చెప్పానే," అంది ఆమె మెల్లగా. "మగాడికా?"

వరసలమ్మ చల్లారిన టీ గ్లాసు ఆమె వైపు జరిపింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఏడాదికి."

"ఏడాదికి," అని ఆమె ఆ మాటని గుడ్డ నాణ్యం చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. "నా చేత టీ తాగించావు. నా కబుర్లు విన్నావు. వారం వారం నేను ఆ రాయి తుడిచి వస్తే, చెయ్యి కడుక్కోమని నీళ్ళిచ్చావు."

చీటీ లాక్కుంది, సూది చొక్కాకి గుచ్చి సంచిలో వేసుకుంది. ఎక్కడ, ఎన్నోది అని అడగలేదు. గేటు దాటి వెళ్ళిపోయింది. టీ సగం గ్లాసు అలాగే ఉంది.

మర్నాడు టీచరమ్మ వచ్చి పెన్ను తీసింది. "ఏడో వరస అమ్మా. బావి వైపు నుంచి తొమ్మిది?"

"ఆరేళ్ళ పాప. జ్వరంతో పోయింది. రాయి లేదు."

"ఇరవై మూడు?"

"బాకా ఆయన. ఆయన మీద ఆ పాప రాయి ఉంది. నేను చూపించిన తప్పు. అలాగే రాయండి టీచరమ్మా, ఉన్నదున్నట్టు."

టీచరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "మీ పేరు కూడా రాయాలా?"

"రాయకపోతే రేపు పిచ్చుక బొమ్మ చూసి బాకా ఆయన ఆరేళ్ళ పిల్లాడనుకుంటారు. రాయండి."

వారంరోజుల్లో పన్నెండు వరసలూ అయిపోయాయి. బుర్రలో ఉన్నదంతా పుస్తకంలోకి దిగిపోయింది. గుమాస్తా స్వయంగా వచ్చి విడుదల కాగితం ఇచ్చాడు. ఒకటో తారీఖున తాళంచెవి అప్పగించాలి. చెల్లెలు ఫోన్లో ఎగిరి గంతేసింది, గదికి సున్నం వేయించానంది. వరసలమ్మ ట్రంకుపెట్టె దించి బట్టలు సర్దింది. సర్దినవి తీసి మళ్ళీ సర్దింది. మూడు గురువారాలు గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది. మూడుసార్లూ రెండు గ్లాసుల టీ పెట్టి, రెండూ తనే తాగింది. బాకా ఆయనకీ తోచడం లేదేమో, రాయి మీద పూలు ఎండిపోయి ఉన్నాయి.

నాలుగో గురువారం కుట్టు వదిన వచ్చింది.

గేటు దగ్గర ఆగలేదు, పలకరించలేదు. తిన్నగా తోటంతా దాటి బావి దాకా నడిచింది. మధ్యలో రెండుసార్లు ఆయాసంతో నిలబడింది. బావి గట్టు మీద చెయ్యి వేసి, అక్కడినుంచి ఏడో వరసలోకి తిరిగి, ఒక్కొక్కళ్ళ తల దగ్గరా వంగి నేలని తాకుతూ లెక్కపెట్టుకుంటూ వచ్చింది. తొమ్మిది దగ్గర కూర్చుంది. కిటికీలోంచి వరసలమ్మకి ఆమె వీపు మాత్రమే కనిపించింది. తర్వాత సంచిలోంచి గుడ్డ తీసి కుట్టడం మొదలుపెట్టింది. పెదవులు కదిలాయో లేదో ఇక్కడినుంచి తెలియదు. తెలుసుకోవాలని ప్రాణం లాగినా, వరసలమ్మ బయటికి వెళ్ళలేదు.

అయిదున్నరకి ఆమె గుమ్మం దాకా వచ్చింది. లోపలికి రాలేదు.

"అక్కడ గడ్డి కత్తిరించి ఉంది."

"ఆఁ."

"ఎవరు కత్తిరించారు?"

"నేనే."

"ఎన్నాళ్ళనుంచి?"

"తెలిసినప్పటినుంచి. గురువారం గురువారం. నువ్వు తెచ్చిన పూలలో ఒకటి దానికి ఇస్తున్నాను."

కుట్టు వదిన గుమ్మం పట్టుకుంది. ముఖం మెత్తబడలేదు గానీ, గొంతు మాత్రం కాస్త దిగింది. "దొంగముండా! నా పూలలోంచే తీసి నా పిల్లకి పెట్టావా?" తర్వాత లోపలికి తొంగిచూసింది. ట్రంకుపెట్టె కనిపించింది. "ఎక్కడికి?"

"చెల్లెలి దగ్గరికి. ఒకటో తారీఖున. పుస్తకంలో అంతా రాయించాను వదినా, సరిగ్గా. కొత్తగా వచ్చేవాడు చదివి..."

"చదివి గేటు దగ్గర నిలబడి లెక్కపెడతాడు. పుస్తకంలో ఉండగానే కాదూ నువ్వు తప్పింది? అప్పుడూ పుస్తకంలో తొమ్మిదనే ఉంది." ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "పుస్తకాన్ని నమ్మను. వచ్చేవాణ్ణీ నమ్మను. ఒకసారి తప్పిన మనిషి రెండోసారి తప్పదు. నన్ను దింపేదాకా నువ్వు కదలకూడదు."

వరసలమ్మ నోరు తెరిచింది. ఎడమవైపు కిటికీ, బస్టాండు, టికెట్లిచ్చే చోటు, సున్నం వేసిన గది, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. చెల్లెలు ఏడుస్తుందని చెప్పాలనుకుంది. నలభై రెండేళ్ళు చాలని చెప్పాలనుకుంది.

"ఎన్నాళ్ళు వదినా?" అని మాత్రం అడిగింది.

"డాక్టరు నాలుగు నెలలంటున్నాడు. వాడి మాట ఎప్పుడు నిజమైంది? నాలుగేళ్ళయినా పట్టొచ్చు. నీకంత తొందరగా ఉంటే చెప్పు, త్వరగా కానిస్తాను."

"ఛీ, పాడు మాటలు!"

"రాయి కదిలించొద్దు. ఇన్నేళ్ళు నా సొద విన్నాడు పాపం, ఆయనకి మాత్రం ఎవరున్నారు? పిచ్చుక ఉండనీ. నా పిల్లకి వేరే రాయి చెప్పాను. చిన్నదే."

మర్నాడు వరసలమ్మ గుమాస్తాకి కాగితం తిప్పి పంపింది. అతడు అంత దూరం నుంచి సైకిలు మీద వచ్చి, గేటు బయట నిలబడి నెత్తి కొట్టుకున్నాడు. "పోతాను పోతానని ఇన్నేళ్ళు నా ప్రాణం తోడేశావు కదమ్మా! ఇప్పుడు పొమ్మంటే ఉంటానంటావా? పుస్తకం అయిపోయింది, ఇంక నీతో పనేముంది?"

"ఒక లెక్క మిగిలింది బాబూ. అది అయ్యేదాకా పొడిగింపు రాసుకో."

చెల్లెలికి ఫోన్ చేసి, గది ఎవరికైనా ఇచ్చేయమంది. చెల్లెలు అవతల ఏడుస్తుంటే, ఆ ఏడుపు వెనకాల బస్సు హారన్లు వినిపిస్తుంటే, వరసలమ్మ ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకుని వాటినే విన్నది.

ఇప్పుడు మళ్ళీ గురువారాలు వస్తున్నాయి. కుట్టు వదిన బావి వైపు తొమ్మిది దగ్గర కూర్చుంటుంది. టీ తాగుతుంది గానీ, కబుర్లు చెప్పదు. పిల్లకి చెప్పేసి వస్తుందట, రెండోసారి చెప్పే ఓపిక లేదట. వీధిలో ఎవరి పెళ్ళి కుదిరిందో, ఎవరి కొలతలు మారాయో వరసలమ్మకి తెలియడం లేదు. అడగడానికి నోరు రాదు.

ఆరయ్యేసరికి కుట్టు వదిన బయటికి నడుస్తుంది. వరసలమ్మ లోపలినుంచి గేటు మూసి తాళం వేస్తుంది. అవతలినుంచి ఆ సన్నటి చెయ్యి చువ్వ పట్టుకుని, పడిందో లేదోనని ఒకసారి గట్టిగా లాగి చూస్తుంది. పడే ఉంటుంది. అప్పుడు చెప్పుల చప్పుడు మొదలవుతుంది. గోడ వెంటే ఆగి ఆగి నడిచి, మలుపు దగ్గర ఆమె ఎవరితోనో ఏదో అంటుంది. ఎవరితోనో, ఏమన్నదో, ఇటువైపు వినిపించదు.